చిలకపచ్చ టీషర్టు

నా జీవితంలో ఇప్పటివరకు మూడు చొక్కాలు చించాను. అందులో రెండు ఒకే మనిషివి.

మొదటిది నంద్యాలలో, నేను హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే రోజుల్లో. ఆడపిల్లల కబడ్డీ పోటీలు జరుగుతున్నాయి. మాకిచ్చిన నిక్కర్లు మోకాలికి జానెడు పైకి ఉండేవి. గట్టు మీద కూర్చున్న ఒకడు నేను కూతకు పోయిన ప్రతిసారీ ఫోను పైకెత్తి నా తొడల ఫొటోలు తీస్తున్నాడు. రెండు కూతల దాకా ఓర్చుకున్నాను. మూడోసారి మధ్యగీత దాటాల్సినదాన్ని పక్కగీత దాటి నేరుగా వాడి మీదికి పోయాను. కాలరు పట్టుకుని గుంజితే గుండీలన్నీ తెగిపోయాయి, చొక్కా వీపు దాకా చీలింది. ఫోను తొక్కేశాను. అంపైరు నన్ను బయటికి పంపించాడు, మేం ఓడిపోయాం. ఆ ఓటమికి నేను ఒక్క పూట కూడా బాధపడలేదు.

నా కోపం అలాంటిది. చెయ్యి ముందు లేస్తుంది, బుద్ధి నింపాదిగా వెనక వస్తుంది. ఇప్పుడు నంద్యాలలో ఒక బడిలో వ్యాయామం టీచర్ని. కోపం తగ్గించుకోమని పిల్లలకు రోజూ చెబుతాను. వాళ్లు మొహాలు అటు తిప్పుకుని నవ్వుకుంటారు.

మిగిలిన రెండు చొక్కాలు మా మామవి. సొంత మామ కాదు. ఆళ్లగడ్డలో మా ఎదురింటాయన, మా నాయనను బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ. మా ఇంట్లో తిని, మా అరుగు మీద పడుకుని పెరిగిన మనిషి. మా నాయన కుడిచేతిని బండతో చితక్కొట్టింది ఆయనే. మా నాయన చేసిన తప్పు, చిలకపచ్చ రంగు టీషర్టు వేసుకోవడం. ఆ టీషర్టు కొన్నది నేను. ఎగతాళి చేసి వేసుకునేలా ఎగదోసింది కూడా నేనేనని పన్నెండేళ్లు లోపల్లోపల కుమిలిపోయాను. ఆ చెయ్యి నా నోటి వల్ల పోయిందా లేదా అన్నది తేలింది మొన్ననే.

మా ఇల్లు అహోబిలం పోయే రోడ్డుకు దగ్గర, చర్చి వెనక వీధిలో ఉండేది. వీధిలో సగం మంది మగవాళ్లు ఒకే పెద్దాయన మనుషులు. ఆయనకు పొలాలున్నాయి, మనుషులున్నారు, శత్రువులున్నారు. ఏడాదికోసారి ఆయన ఇంటి నుంచి మూట వచ్చేది. ఒక్కొక్కరికి రెండు జతలకు సరిపడా తెల్లగుడ్డ. అది కుట్టించుకోవడం, అదే తొడుక్కోవడం. మా నాయన ఒంటి మీద ఇంకో రంగు చూసిన గుర్తు నాకు లేదు. పొలానికి తెలుపు, చర్చికి తెలుపు, పెళ్లికి తెలుపు, చావుకూ తెలుపే. నలుగురైదుగురు తెల్లచొక్కాలు కలిసి బజారులో నడిచొస్తుంటే అంగళ్లవాళ్లు బేరం ఆపి మాట తగ్గించేవాళ్లు. చిన్నప్పుడు అది గౌరవమనుకుని నేను వాళ్ల వెనకే ఎగురుకుంటూ పోయేదాన్ని.

తెల్లగుడ్డ ఇప్పడం అంటే మా వీధిలో ఒకటే అర్థం, పెద్దాయనను వదిలేయడం. అలా వదిలేవాడు నోటితో చెప్పడు. ఎదుటికి పోయి దండం పెట్టడు. ఒకరోజు రంగు చొక్కా తొడుక్కుని బస్టాండు ముందు నుంచి నడిచిపోతాడు. ఆ నడకతో ఆ మనిషి ఈ పక్క కాదని ఊరంతటికీ తెలిసిపోతుంది. కొందరు ఆ చొక్కాతోనే కర్నూలు బస్సెక్కి మళ్లీ ఊరి మొహం చూడలేదు. బస్సెక్కకుండా ఊర్లోనే ఉంటానన్నవాళ్లకు దెబ్బలు పడేవి.

ఆ తెలుపును కాపాడే పని మా అమ్మది. నీలిమందు కలిపే కొలత, గంజి చిక్కదనం ఆమె చేతికే తెలుసు. అన్నిటికన్నా బాగా తెలిసింది మరకలు తీయడం. రక్తానికి చన్నీళ్లే వాడాలి. "ఏన్నీళ్లు పోస్తివా, నెత్తురు గుడ్డలోనే కూర్చుంటాది" అనేది. పదేళ్లకే నాకా సంగతి తెలుసు. ఆ రక్తం మా నాయనది కాదన్న సంగతి కూడా తెలుసు. ఆయన మంచివాడని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. పొద్దున్నే నన్ను ముందు కూర్చోబెట్టుకుని నా జడ ఆయనే అల్లేవాడు, మా అమ్మ కన్నా బిగువుగా, పాపిడి వంకర పోకుండా. ఆ చేతులతోనే పోయి బయట మనుషులను కొట్టేవాడు. రెండూ నిజమే.

నాకు పన్నెండేళ్లప్పుడు, మా వీధి చివర ఉండే ఒకాయన ఎర్ర గళ్ల చొక్కా వేసుకుని బజారులో ఎదురుపడ్డాడు. చొక్కా కొత్తది, అంగడి మడతలు ఇంకా పోలేదు. నేను బడి నుంచి వస్తున్నా. నన్ను ఆపి, "బాగుండాదా పాపా" అని అడిగాడు. బాగుందన్నాను. నిజంగా బాగుంది. నల్లటి మనిషి, ఎరుపు ఆయనకు కొట్టొచ్చినట్టు నప్పింది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, కాలరు పైకి లేపి, కొత్త పెళ్లికొడుకు మాదిరి నడిచిపోయాడు.

ఆ సాయంత్రం మా నాయన, మామ కలిసి ఇంటికొచ్చారు. అమ్మ ఇద్దరి చొక్కాలూ తీసుకుని తొట్టిలో వేసి చన్నీళ్లు పోసింది. నీళ్లు ఎర్రబడ్డాయి. వంచేసి మళ్లీ పోసింది, మళ్లీ ఎర్రబడ్డాయి. ఎర్ర గళ్లాయనను ఆ తర్వాత మంచం మీద తప్ప ఇంకోచోట నేను చూడలేదు. రెండు మోకాళ్లూ పగలగొట్టారు. మరుసటి రోజు పొద్దున జడ అల్లడానికి మా నాయన పిలిస్తే, తల నొస్తాంది అని అబద్ధమాడి అమ్మ దగ్గర అల్లించుకున్నాను. రెండు రోజులు అంతే. మూడో రోజు నేనే పోయి ఆయన ముందు కూర్చున్నాను. తండ్రి కదా.

హాస్టలుకు వచ్చాక నాకు రంగుల పిచ్చి పట్టింది. కాలేజీ వాళ్లిచ్చిన ట్రాక్ సూటు వంకాయ రంగు, పక్కన తెల్ల చార. ఆ చార మీద నేను పసుపు దారంతో కుట్టుకున్నాను. నల్ల బూట్లకు గులాబీ లేసులు. ఎడమ కాలికి ఒక రంగు సాక్స్, కుడి కాలికి ఇంకో రంగు. కూతకు పోయినప్పుడు ఎదుటివాళ్లు మన కాళ్లే చూస్తారు, రెండు రంగులుంటే ఒక క్షణం తడబడతారని నా లెక్క. మా కోచ్ ఆ లెక్కను ఒప్పుకోలేదు కానీ, నేను ముట్టుకొచ్చిన పాయింట్లు చూసి నోరు మూసుకున్నాడు. చీర కట్టక తప్పని రోజుల్లో లోపల ట్రాక్ ప్యాంటు వేసుకుని కుచ్చిళ్లు దోపేదాన్ని. ఆళ్లగడ్డ బస్సు దిగితే మా వీధి ఆడవాళ్లు, "ఏందీ, పొట్టేలు తిరణాలకు పోతాండాదా" అని నవ్వేవాళ్లు. నవ్వనీ. ఆ వీధిలో రంగేసుకుని దెబ్బలు తినకుండా తిరిగే హక్కు ఆడదానికైనా ఉందని నాకు ఒకరకం పొగరు.

నంద్యాలలో నాకు ఉద్యోగం వచ్చిన మొదటి నెల. అప్పటికింకా నంద్యాల జిల్లా కాలేదు. మా నాయనకు షుగరు ఉందని, పొద్దున్నే గంటసేపు నడవాలని డాక్టరు చెప్పాడు. కాలువ కట్ట మీద పంచెతో నడిస్తే గాలికి కాళ్లకు చుట్టుకుంటుందని ఆయన సణుగుతున్నాడు. బట్టలంగడికి పోయి నల్ల ట్రాక్ ప్యాంటు, చిలకపచ్చ టీషర్టు తీసుకున్నాను. కాలరు లేదు, పక్కల నల్ల పట్టీలు, చెమట ఇట్టే ఆరిపోయే గుడ్డ. అంగడాయన ఇంకోటి కూడా తీసి బల్ల మీద వేశాడు. "తెల్లది గూడ ఉండాది మేడం, పెద్దాయప్పకు ఇది బాగుంటాది" అన్నాడు. తెలుపు వద్దు అన్నాను. ఆ మాట ఎన్నిసార్లు నెమరేసుకున్నానో నాకే తెలుసు.

తెల్లగుడ్డ సంగతి నాకు తెలియక కాదు. ఆటబట్ట ఆ లెక్కలోకి రాదనుకున్నాను. పెద్దాయన ఇంటి పిల్లలే రంగురంగుల జెర్సీలు తొడుక్కుని వాలీబాల్ ఆడేవాళ్లు, వాళ్లను ఎవరేమన్నారు. తెల్లవారకముందే కాలువ కట్ట మీద నడిచి ఇంటికొచ్చి విప్పేసే బట్ట అది, చొక్కా కాదు కదా. ఇంత తెలివి ఉండబట్టే మోసపోయాను.

శనివారం ఇంటికి తీసుకుపోయి ఇచ్చాను. మా నాయన ఆ గుడ్డను బొటనవేలితో రుద్ది చూశాడు, వాసన చూశాడు, మడతపెట్టి పంచెల కింద దాచేశాడు. నాకు మండింది. నోరు జారాను.

"ఏం నాయనా, దాచుకున్యావ్. రంగు ఏసుకోవల్లంటే ధైర్యం కావల్ల. నీకు యాడిది" అన్నాను.

"గమ్మునుండు" అంది అమ్మ. నా మీద అంత గట్టిగా ఆమె ఎప్పుడూ అరవలేదు. నాయన నవ్వి ఊరుకున్నాడు.

మరుసటి రోజు ఆదివారం. చర్చికి బయల్దేరుతూ చూస్తే ఆయన తెల్ల పంచె మీద చిలకపచ్చ టీషర్టు తొడుక్కుని నిలబడ్డాడు. పంచె మీద ఆ టీషర్టు చూస్తే నాకు నవ్వు ఆగలేదు. బాగున్నాడు కూడా. పదేళ్లు చిన్నవాడిలా కనిపించాడు. అమ్మ మొహం తెల్లబోయింది. గడపలో అడ్డం నిలబడి, "ఆరాధనకు అదా ఏసుకొచ్చేది, ఇప్పు" అంది. ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపి బయటికి నడిచాడు. నాకెంత సంబరమో. నేనన్న మాట పనిచేసిందని మురిసిపోయాను.

చర్చిలో మగవాళ్ల వైపు అందరూ తెలుపు, మధ్యలో ఆయన ఒక్కడే పచ్చగా. వెనకనుంచి పిల్లలు కిసుక్కున నవ్వారు. మామ రెండు వరసల వెనక కూర్చుని పాట పాడకుండా ఆయన వీపునే చూస్తున్నాడు. ప్రార్థన అయిపోయాక, "మీరు పోతాండండి, నేను బస్టాండు కాడ టీ తాగొస్తా" అన్నాడు మా నాయన. అమ్మ దారంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. నేనే వాగుతూ నడిచాను.

కూరకు మసాలా నూరుతున్నాను. పూలమ్మే ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి గడపలో కూలబడింది. "బస్టాండు కాడ మీ నాయన్ను ఏస్తాండారు పాపా" అంది. చెప్పులు వేసుకోలేదు. చున్నీ ఎక్కడ పడిపోయిందో తెలియదు. అంత వేగంగా నేను ఏ పోటీలోనూ ఉరకలేదు.

టీ బంకు ముందు సిమెంటు గద్దె ఉండేది. మా నాయన దాని పక్కన బోర్లా పడి ఉన్నాడు. ఒక తెల్లచొక్కా ఆయన కాళ్ల మీద కూర్చుంది. ఇంకొకటి వీపు మీద మోకాలు మోపింది. మూడోవాడు ఆయన కుడిచెయ్యి గద్దె మీదికి చాపి మణికట్టు దగ్గర అదిమి పట్టుకున్నాడు. మామ రెండు చేతులతో బండ తలపైకెత్తాడు. అప్పటికే ఒకసారి వేశాడు, గద్దె మీద రక్తం, గోళ్లు కనబడుతున్నాయి. నేను చేరేలోపు రెండోసారి వేశాడు. ఆ చప్పుడు పచ్చి కొబ్బరి పగిలినట్టు వచ్చింది. మా నాయన అరవలేదు, నేలను నోటితో కరుచుకున్నాడు. చుట్టూ ముప్పై మంది. టీ కాగుతూనే ఉంది, గ్లాసులు పట్టుకున్నవాళ్లు గ్లాసులతోనే నిలబడ్డారు.

మూడోసారి ఎత్తాడు. నేను ఎగిరి మామ చీలమండ పట్టుకున్నాను. అది నాకు వచ్చిన పని. ఎంతటి బలమైన మనిషైనా చీలమండ దొరికితే నేలకు రావాల్సిందే. బండతో సహా వెల్లకిలా పడ్డాడు. మీదికెక్కి మొహం మీద గుద్దాను, గోళ్లతో రక్కాను, చెవి కొరికాను. కాలరు పట్టుకుని లాగితే మా అమ్మ చేతి గంజి పెట్టిన ఆ తెల్లచొక్కా నడుం దాకా చీలింది. అవును, ఆయన చొక్కాలు కూడా మా అమ్మే ఉతికేది. ఎవరో నా జుట్టు పట్టి ఈడ్చి రోడ్డు మీద పడేశారు, నా పన్ను ఒకటి ఊడింది. మామ లేచి, నోట్లో రక్తం ఉమ్మి, "పాపను ముట్టుకోగాకండిరా" అన్నాడు. నా మీద చెయ్యెత్తలేదు. అందుకు కూడా ఆయనను నేను క్షమించలేదు.

వాళ్లు వెళ్లిపోయాక, అహోబిలం నుంచి యాత్రికులను ఎక్కించుకొచ్చిన జీపు అటుగా వచ్చింది. ముసలమ్మలు, ప్రసాదం సంచులు. ఒక్క మాట అడక్కుండా అందరూ దిగి జీపు మాకిచ్చారు. నంద్యాల దాకా మా నాయన తల నా ఒళ్లో, చెయ్యి నా వెనకే ఉరికొచ్చిన అమ్మ ఒళ్లో. చిలకపచ్చ మీద రక్తం ఎర్రగా ఉండదు, నల్లగా కనబడుతుంది. ఆ సంగతి ఆ రోజే తెలిసింది. ఆసుపత్రిలో టీషర్టును కత్తెరతో కోసి తీశారు. అమ్మ ఆ ముక్కలు ఏరుకుని, బాత్రూములో బకెట్లో వేసి చన్నీళ్ల కొళాయి తిప్పింది. ఎందుకమ్మా అని నేను అరిస్తే, తనేం చేస్తోందో అప్పుడే తెలిసినట్టు బకెట్టు వైపు చూసి అక్కడే కూర్చుని ఏడ్చింది.

పోలీసులు వస్తే, "రాయి జారి మీద పడింది" అన్నాడు మా నాయన. వీధివీధినా రాళ్లు చెక్కే ఊరు మాది, రాసుకుని వెళ్లిపోయారు. పేర్లు చెప్పు నాయనా అని కాళ్లు పట్టుకున్నాను. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ రోజుల్లో మామను చంపాలని ఉండేది. మాటవరసకు అనడం లేదు. ఏ కొడవలి, ఏ దారి, ఏ వేళ అని ఆలోచించుకునేదాన్ని. చంపలేదు, అంతే తేడా. అమ్మానాన్నలను నంద్యాల తెచ్చుకున్నాను. ఆళ్లగడ్డలో మళ్లీ అడుగు పెట్టలేదు.

ఆ చెయ్యి మళ్లీ పనికి రాలేదు. మూడు వేళ్లు మడవలేడు, మణికట్టు కట్టెలా బిగుసుకుపోయింది. ఎడమ చేత్తో తినడం నేర్చుకున్నాడు. నేర్చుకోలేనిది గుండీలు పెట్టుకోవడం. తెల్లచొక్కాలన్నీ గుండీల చొక్కాలే. వారం రోజులు అమ్మ పెట్టింది. మెడ దగ్గర గుండీ పెడుతుంటే ఆయన కళ్లు మూసుకునేవాడు, సిగ్గుతో. ఎనిమిదో రోజు నేను బడి నుంచి తెచ్చిన సంచిలో చెయ్యి పెట్టి, ఆడపిల్లల టీముకు కుట్టించగా మిగిలిన ఒక జెర్సీ తీసుకుని తలమీదుగా తనే లాక్కున్నాడు. నీలం రంగు, వీపు మీద పది. గుండీలు లేవు, జిప్పు లేదు, ఒక్క చెయ్యి చాలు.

అప్పటినుంచి మా నాయన జెర్సీల మనిషి. ఏటా మిగిలినవన్నీ ఆయనవే. పొద్దున గ్రౌండులో నడుస్తుంటే రైసు మిల్లు గుమాస్తాలు, రిటైరైన మాస్టర్లు, "పదో నెంబరన్నా, ఈ పొద్దు ఏడో నెంబరయినావే" అని పలకరిస్తారు. ఆయన దానికి తగ్గట్టు ఎర్రదానికి నల్ల ప్యాంటు, పసుపుదానికి నీలం ప్యాంటు అని జత చూసుకునేదాకా వచ్చాడు. రంగులో ఇంత రుచి ఉన్న మనిషి ముప్పై ఏళ్లు తెల్లగుడ్డలో ఎలా ఉన్నాడో నాకు అంతుబట్టదు.

జెర్సీలు ఆర్డరిచ్చేటప్పుడు పిల్లలకు నాది ఒకటే నియమం. కింద నలుపో ముదురు నీలమో, మరక పడితే పిల్ల ఆట మధ్యలో తల దించుకోకూడదు. పైన వాళ్లిష్టం. పైన కూడా ఒక్క రంగు మాత్రం నేను ఒప్పుకోను. ప్రింటింగు అంగడతను ఏటా చిలకపచ్చ ముక్క తీసి చూపిస్తాడు, "ఎండలో బాగా కొడ్తాది మేడం" అంటాడు. ఏటా నేను పక్కకు నెట్టేస్తాను. మా నాయన ఎడమ చేత్తో ముద్ద కలుపుకుంటున్న ప్రతిసారీ ఆ శనివారం నేనన్న మాట నాకు వినబడుతుంది. అడగాలని, నా మాటకేనా అని అడగాలని ఎన్నోసార్లు నోటి దాకా వచ్చింది. అవునంటే ఏం చేయాలో తెలియక అడగలేదు.

మొన్న, పిల్లల ప్రాక్టీసు అయ్యాక మెడలో ఈలతోనే ఇంటికొచ్చాను. అమ్మ కూరగాయలకు పోయింది. అరుగు మీద మా నాయన పక్కన ఎవరో కూర్చుని ఉన్నారు. నీలం చొక్కా, దాని మీద చిన్నచిన్న తెల్లపూలు. తల నెరిసింది, బక్కచిక్కాడు. చెవి చూసి గుర్తుపట్టాను. అంచున నా పళ్ల గాటు అలాగే ఉంది.

బండి స్టాండు కూడా వేయలేదు, పడిపోయింది. రెండు చేతులతో కాలరు పట్టి అరుగు మీద నుంచి కిందికి గుంజాను. గోడకేసి కొట్టాను. మళ్లీ కొట్టాను. చొక్కా భుజం దగ్గర మొదలై జేబు దాకా చిరిగింది. ఆయన చేతులు పైకెత్తలేదు.

"కొట్టు పాపా" అన్నాడు మామ. "కొట్టించుకునేదానికే వచ్చినా."

"ఇడ్సు పాపా" అన్నాడు మా నాయన, కూర్చున్న చోటి నుంచే. "ఆయప్ప గూడ ఇప్పేసినాడు. సూస్తాండావ్ గదా."

అప్పుడు చూశాను నీలం రంగును. బస్టాండు ముందు నుంచి ఆ చొక్కాతో నడిచి, బస్సెక్కి, నేరుగా మా ఇంటికొచ్చాడు. నాకు జాలి కలగలేదు.

"ఇప్పేస్తే ఏమాయ? నీ చెయ్యి వస్తాదా నాయనా?" అన్నాను.

మామ గోడకు ఆనుకుని జారి కూర్చున్నాడు. "నేను ఆ పొద్దే చెప్పినా పాపా" అన్నాడు. "టీ బంకు ఎనక్కు పిల్సకపోయి చెప్పినా. బావా, ఆ గుడ్డ ఇప్పి నా చేతికియ్యి, బనీనుతో ఇంటికి పో, నేను సూడలే, ఎవురూ సూడలే అన్యా. రెండు తూర్లు చెప్పినా. కాళ్లు పట్టుకున్యా. ఇప్పలే."

నేను మా నాయన వైపు తిరిగాను. "నిజమా?"

"నిజమే."

పన్నెండేళ్లుగా గొంతులో ఉన్నది ఇక ఆగలేదు. "నేను ధైర్యం లేదన్నందుకా నాయనా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "నువ్వు నోరు పారేసుకునేది నాకేమన్నా కొత్తా?" అన్నాడు. తర్వాత కాసేపు తన కుడిచేతిని చూసుకున్నాడు. "ఎర్ర గళ్ల చొక్కాయప్ప మతికుండాడా నీకు?"

"ఉండాడు."

"ఆయప్ప ఇప్పేస్తానన్యాడు. అన్నా, ఇప్పేస్తా, మళ్లా తెల్లదే ఏసుకుంటా అని దండం పెట్న్యాడు. గుండీలు గూడ తీస్తాండాడు, చేతులు వణికి రాల్యా. నేనూ ఈడూ ఆ చేతులు పట్టుకున్యాం. ఇప్పనీలే." ఆయన మామ వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. "మేం ఆయప్పకు ఇయ్యంది నేనెట్ల తీసుకునేది?"

మామ మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. నేను అరుగు అంచున కూర్చున్నాను. గుండె మీద నుంచి బరువు దిగిన మాట నిజం. దిగిన మరుక్షణమే మా నాయన మీద పట్టరాని కోపం వచ్చింది.

"పన్నెండేండ్లు ఎందుకు చెప్పలే?" అన్నాను.

"నువ్వు అడగలే" అన్నాడు.

తర్వాత, ఏమీ జరగనట్టు, "లోపలికి పోయి జెర్సీ ఒకటి తీస్కరా. చినిగిన చొక్కాతో ఆయప్ప బస్సెక్కల్లనా" అన్నాడు.

లోపలికి పోయాను. సంచి ముందు నిలబడ్డాను. మా పిల్లల చెమటతో తడవాల్సిన బట్ట, మా నాయన చేతిని పొడి పొడి చేసినవాడి ఒంటి మీదికి. ఇవ్వను అని బయటికి వచ్చి చెప్పొచ్చు. ఎర్ర గళ్లాయన గుండీలు తీసుకుంటున్న చేతులు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఆ చేతులను పట్టుకున్న నాలుగు చేతుల్లో రెండు నా జడ అల్లినవి. సంచిలో పైన కనబడిన నారింజ రంగు జెర్సీ లాగి బయటికి తీసుకొచ్చాను.

మామ దాన్ని అందుకోలేదు. అలాగే ఏడుస్తూ కూర్చున్నాడు. మా నాయన అరుగు మీద నుంచి వంగి, ఎడమ చేత్తో జెర్సీ మెడ పట్టుకుని ఆయన తలమీదుగా తొడగబోయాడు. పట్టు దొరక్క జారింది. మళ్లీ ఎత్తాడు, బిగుసుకుపోయిన కుడిచేతిని ఊతంగా పెట్టాడు, మళ్లీ జారింది. మూడోసారి వంగుతుంటే నేను ఆ జెర్సీ లాక్కుని మామ ఒళ్లోకి విసిరేశాను.

"నీకు రెండు చేతులూ ఉండాయి" అన్నాను. "నువ్వే ఏసుకో."